కుడిచేతి వాటా

పళ్ల ల్యాబులో ఆవిడను చిన్నా పెద్దా అందరూ పళ్లక్క అనే పిలుస్తారు. పళ్లు ఊడిపోయినవాళ్లకు కట్టుడు పళ్లు తయారుచేసే చోటు అది. డాక్టర్ల దగ్గర్నుంచి చిగుళ్ల అచ్చులు డబ్బాల్లో వస్తాయి. వాటిలో ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక విడదీసి, అంచులు గీకి, మైనం మీద ఒక్కొక్క పన్నూ నిలబెట్టడం ఆవిడ పని. పైవరుసా కిందివరుసా ఒకదాని మీద ఒకటి కుదురుగా మూసుకుంటేనే ఆ సెట్టు ఆవిడ బల్ల దాటుతుంది. ఈ పని చేసీ చేసీ ఆవిడకు మనుషుల మొహాలు గుర్తుండటం మానేశాయి. "పక్కవీధి టైలరు కనిపించాడే" అని తల్లి అంటే, "ఎవరూ, పైన కోరపన్ను ఎత్తుగా ఉంటుంది, ఆయనా?" అంటుంది. ఎదుటివాళ్లు నవ్వితే వాళ్ల నోట్లోకి చూస్తూ నిలబడిపోతుంది. ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని బజారుకు వెళ్లడం ఎంత తలవంపులో ఆ తల్లినే అడగాలి.

వయసు నలభైకి దగ్గరపడింది. పెళ్లి సంగతి ఎత్తీ ఎత్తీ తల్లి నోరు నొప్పి పుట్టిందే తప్ప పళ్లక్క చెవికి ఎక్కలేదు. ఇంట్లో ఉండేది ముగ్గురే: తల్లి, తను, తన తర్వాత పుట్టిన తమ్ముడు. వేళకు పనికి వెళ్లి వేళకు ఇల్లు చేరే ఇంత బుద్ధిమంతురాలికి ఒక వీడియో గేమంటే ప్రాణమని చెబితే మీరు నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, ఉన్నమాట చెప్పక తప్పదు కదా.

ఆ ఆట పేరు 'నాలుగు చక్రాలు'. తెర మీద ఒక బొమ్మమనిషి స్కేట్‌బోర్డు ఎక్కి ఊరంతా జారుకుంటూ తిరుగుతాడు. మెట్ల మీంచి దూకుతాడు, కమ్మీల మీద జారుతాడు, ఏటవాలు గోడలెక్కి గాలిలో గిర్రున తిరుగుతాడు. ఎక్కువసార్లు బొక్కబోర్లా పడతాడు. పడ్డప్పుడు బోర్డు దొర్లిపోయిన చప్పుడూ, ఒళ్లు నేలకు కొట్టుకున్న చప్పుడూ, ఆ తర్వాత "అబ్బా" అని ఒక మూలుగూ వినపడతాయి. వాడు కుంటుకుంటూ వెళ్లి బోర్డు తెచ్చుకుని మళ్లీ ఎక్కుతాడు. చంపడానికి శత్రువు లేడు, దోచుకోవడానికి నిధి లేదు. చూసేవాళ్లకు ఇదేం ఆటరా బాబూ అనిపిస్తుంది. ఆడేవాళ్లు మాత్రం భోజనం మర్చిపోతారు.

మొదటి భాగం ఇంటికి వచ్చేసరికి అక్క హైస్కూల్లో ఉంది, తమ్ముడికి ఇంకా చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం రాదు. ఆట పెట్టెతో పాటు ఒక్కటే రిమోటు వచ్చింది. ఇద్దరు పిల్లలు, ఒక్క రిమోటు అంటే ఆ ఇల్లు ఎలా ఉండేదో వేరే చెప్పాలా? జుట్లు పట్టుకున్నారు, గిల్లుకున్నారు, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకున్నారు. ఒకరోజు తల్లి వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, "చెరో సగం పట్టుకుని ఏడవండి, నన్ను మాత్రం పిలవకండి" అని వెళ్లిపోయింది. ఆవిడ విసుగుతో అన్న మాట అది. పిల్లలిద్దరూ దాన్ని కోర్టు తీర్పులా నెత్తిన పెట్టుకున్నారు.

ఆ రోజు నుంచి రిమోటు ఎడమసగం అక్కది, కుడిసగం తమ్ముడిది. బొమ్మను నడిపించడం, మళ్లించడం, వేగం పెంచడం ఎడమ పక్క. దూకడం, గాలిలో బోర్డు తిప్పడం, కింద దిగడం కుడి పక్క. సోఫాలో అక్క ఎడమ కొసన, తమ్ముడు కుడి కొసన, మధ్యలో ఇద్దరి మోకాళ్ల మీద రిమోటు. మొదట్లో బొమ్మమనిషి ఎముకలు ఎన్ని విరిగాయో లెక్కే లేదు. రానురాను అక్క భుజం కొంచెం ముందుకు వాలితే మెట్లొచ్చాయని తమ్ముడికి తెలిసిపోయేది. తమ్ముడు ఊపిరి బిగబడితే వేగం పెంచాలని అక్కకు తెలిసేది. ఒక్క మనిషి రెండు చేతులతో ఎక్కలేని గోడలు ఇద్దరు మనుషులు చెరో చేత్తో ఎక్కేశారు. పెద్దయ్యారు, చదువులయ్యాయి, ఆవిడ పళ్లలో పడింది, తమ్ముడు అచ్చాఫీసులో చేరాడు. ఎవరి బతుకులు ఎలా ఉన్నా సెలవురోజు సాయంత్రం సోఫాలో మోకాలికి మోకాలు ఆనాల్సిందే. ఆట పెట్టె అట్ట మీద ఒక్కడే రిమోటు పట్టుకుని ఉన్న బొమ్మ ఉంటుంది. అది ఏదో అందానికి వేశారులే అనుకుంది పళ్లక్క. అన్ని ఇళ్లలోనూ పిల్లలు ఇలాగే పంచుకుంటారనే ఆవిడ గట్టి నమ్మకం.

రెండో భాగం వస్తుందని ఆ కంపెనీవాళ్లు చెబుతూనే ఉన్నారు. ఇదిగో అన్నారు, అదిగో అన్నారు, ఏళ్లు గడిచిపోయాయి. రెండో భాగం విడుదలైన రోజున అచ్చాఫీసుకు జ్వరమని చెప్పి ఇంట్లో కూర్చుంటానని తమ్ముడు ఎప్పుడూ అనేవాడు.

అది విడుదల కావడానికి ముందు చలికాలంలో, అచ్చాఫీసులో కాయితం కట్టలు కోసే మెషీను ఆగాల్సినచోట ఆగలేదు. తమ్ముడి కుడిచేతి బొటనవేలూ పక్కనున్న రెండు వేళ్లూ పోయాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తమ్ముడు తిన్నగా తన గదిలోకి వెళ్లాడు. అలా వెళ్లినవాడు ఒకరకంగా మళ్లీ బయటికి రాలేదు. అచ్చాఫీసువాళ్లు ప్రూఫు కాయితాలు ఇంటికే పంపిస్తే ఎడమచేత్తో దిద్దుతాడు. భోజనానికి వచ్చి చెంచాతో తిని, తల్లి అడిగినదానికి ఊఁ అనో ఊహూఁ అనో చెప్పి, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని లేచి వెళ్లిపోతాడు. గది హాలు పక్కనే. మధ్యలో ఉన్నది ఇటుక మందం గోడ. ఆ గోడకు అటు తమ్ముడు, ఇటు సోఫా. అంత దగ్గరున్న మనిషి కోసం బెంగపెట్టుకోవడం ఏమిటని మీరనవచ్చు. దూరాన ఉన్నవాడైతే ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని ఆశైనా ఉంటుంది. తలుపవతల కుర్చీ జరిపిన చప్పుడు వినపడుతుంటే, ఆ మనిషి మాత్రం రాకపోతే, ఆ బెంగకు మందు లేదు. పళ్లక్కకు తమ్ముడు కావాలి. సోఫాలో కుడి కొసన కూర్చుని, తనను మోకాలితో పొడిచే తమ్ముడు కావాలి. రమ్మని అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఏ చేత్తో ఆడనూ అని వాడు ఎదురు అడిగితే తను ఏం చెప్పగలదు?

సరిగ్గా అలాంటప్పుడే రెండో భాగం విడుదలైంది. పళ్లక్క కొనుక్కొచ్చి, తుండుగుడ్డ కప్పిన ఆట పెట్టె దుమ్ము దులిపి, తమ్ముడి తలుపు దగ్గర నిలబడింది.

"రెండో భాగం వచ్చిందిరా."

లోపల కలం ఆగింది. "చూశాను. నువ్వాడుకో అక్కా."

ఆడుకో అన్నాడు. ఆడదాం అనలేదు. పళ్లక్క వచ్చి సోఫాలో తన ఎడమ కొసన కూర్చుంది. ఎడమసగం పట్టుకుంది. కుడిసగం గాలిలో వేలాడుతూ ఉంది. బొమ్మమనిషి చక్కగా జారుకుంటూ వెళ్లాడు, మెట్లొచ్చాయి, దూకించే చెయ్యి లేదు, తలకిందులుగా పడ్డాడు. లేపి మళ్లీ నడిపిస్తే మళ్లీ పడ్డాడు. కాసేపటికి గోడ అవతలి నుంచి టక్కుమని ఒక దెబ్బ వినపడింది. కాస్త ఆగి మరొకటి. చప్పుడుకు విసుక్కుంటున్నాడు కాబోలని ఆవిడ గబగబా సౌండు తగ్గించింది. తర్వాతి రోజుల్లో కూడా ఆట పెట్టినప్పుడల్లా ఆ దెబ్బలు వినపడేవి, ఆవిడ సౌండు ఇంకొంచెం తగ్గించేది.

ఎలాగూ ఆట సాగడంలేదు కనుక, మిగతావాళ్లు ఏమంటున్నారో చూద్దామని ఫోనులో ఆ ఆట అభిప్రాయాల పేజీ తెరిచింది. అమ్మో, అదొక సంత. రెండో భాగాన్ని కొందరు ఆకాశానికి ఎత్తేస్తుంటే, కొందరు దుమ్మెత్తి పోస్తున్నారు. 'మోకాలిచిప్ప' అని పేరు పెట్టుకున్న ఒకాయన కాంక్రీటు మీద ఎండ ఎంత అందంగా పడుతోందో పేజీలకు పేజీలు రాశాడు. బొమ్మమనిషికి ఇన్ని రకాల టోపీలు ఎందుకు, ఆ డబ్బుతో మెట్లు కట్టించవచ్చుగా అని ఇంకొకరు. పాత ఆటలో బోర్డుకు బరువుండేదనీ, ఇందులో కాయితం ముక్కలా ఎగిరిపోతోందనీ కొందరు. ఆ బరువు నీ వయసుదిలే తాతా అని వాళ్లకు జవాబులు.

అందరికంటే పెద్ద గొడవ 'వెనక్కి' బటన్ గురించి. పాత ఆటలో లేనిది ఇందులో కొత్తగా పెట్టారు. పడబోతున్నామని అనిపించగానే అది నొక్కితే ఆట గిర్రున వెనక్కి వెళ్లి, పడకముందున్న చోట నిలబెడుతుంది. పడటమే ఉండదు, చప్పుడూ ఉండదు. కొత్తవాళ్లకు ఇది వరమని సగంమంది, ఇది పిరికివాళ్ల బటన్ అని సగంమంది ఒకరి మీద ఒకరు ఒంటికాలి మీద లేస్తున్నారు. పళ్లక్క ఆ గొడవంతా చదివింది. అలాంటి బటన్ కాయితం కోసే మెషీనుకు పెట్టి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. ఆ తర్వాత తన అభిప్రాయం కూడా రాసింది. 'ఎడమచెయ్యి' అన్న పేరుతో రాసింది:

"మా ఎడమచేతివాళ్లకు రెండో భాగం బాగానే కుదిరింది. మలుపులు మెత్తగా ఉన్నాయి. కుడిచేతివాళ్లకు ఎలా ఉందో వాళ్లే చెప్పాలి. మా ఇంట్లో కుడిచెయ్యి ఆడే మనిషి ప్రస్తుతం ఆడటంలేదు."

ఇంకేముంది, తేనెతుట్టె కదిపినట్టయింది. కుడిచెయ్యి ఆడే మనిషి ఎవరండీ అని ఒకరు. సగం రిమోటు అద్దెకిచ్చారా అని ఒకరు. మీ ఇంట్లో అన్నం ఒకరు నములుతుంటే ఇంకొకరు మింగుతారా అని మరొకరు. పళ్లక్కకు మొదట అర్థం కాలేదు. మీ ఇళ్లలో ఎలా పంచుకుంటారని అమాయకంగా అడిగింది. నవ్వులు రెట్టింపయ్యాయి. ఎవరూ పంచుకోరని, ఆటను మొత్తం ఒక్కరే రెండు చేతులతో ఆడతారని ఆ సాయంత్రం ఆవిడకు తెలిసింది. నిజానికి సిగ్గు వెయ్యాలి. ఆవిడకు మాత్రం ఒక్కసారిగా ఒంటరితనం కమ్మేసింది. ఇన్నేళ్లుగా అందరికీ ఉందనుకున్నది తమ ఇద్దరికి మాత్రమే ఉన్నదని తెలిస్తే, అది ఇప్పుడు ఒక్కరికే మిగిలితే, ఎలా ఉంటుంది మరి.

మోకాలిచిప్ప మాత్రం నవ్వలేదు. కుడిసగం నేర్చుకోవడం పెద్ద కష్టం కాదండీ, 'వెనక్కి' బటన్ పెట్టుకుని మెల్లగా మొదలుపెట్టండి, ఒళ్లు నొప్పి లేకుండా వచ్చేస్తుంది అని రాశాడు. అది చదవగానే పళ్లక్కకు ఒక ఆలోచన వచ్చింది. తమ్ముడికి పోయింది కుడిచేతి వేళ్లే కదా. ఎడమచెయ్యి నిక్షేపంగా ఉంది. తను కుడిసగం నేర్చేసుకుంటే, తన ఎడమసగం వాడికి ఇచ్చెయ్యొచ్చు. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్లూ తట్టనేలేదని తనను తాను తిట్టుకుంది. ఇన్ని నెలల తర్వాత ఆ పూట ఆవిడ కడుపునిండా భోంచేసింది.

ఇక పట్టుకుంది. పని నుంచి రావడం, చేతులకంటిన ప్లాస్టరు కడుక్కోవడం, సోఫాలో కూర్చోవడం. ఎడమ కొసన కాదు, ఇప్పుడు కుడి కొసన, రిమోటు మొత్తం తన చేతుల్లోనే. బస్సులో నిలబడితే కుడి బొటనవేలు సంచీ పట్టీ మీద ఒకటే నొక్కుతూ ఉండేది. ల్యాబులో మైనం మీద పన్ను అదుముతూ, ఇప్పుడు దూకు, ఇప్పుడు తిప్పు, ఇప్పుడు దిగు అని లోలోపల అనుకునేది. కాస్త తడబడితే చాలు, 'వెనక్కి' నొక్కేది. బొమ్మమనిషి పడబోయేవాడే తప్ప పడేవాడు కాదు. హాల్లో వినపడేది చక్రాల బరబర ఒక్కటే. వానాకాలం వచ్చేసరికి మెట్లయ్యాయి, కమ్మీలయ్యాయి, ఏటవాలు గోడలూ అయ్యాయి. గోడ అవతలి దెబ్బలు ఎప్పుడో ఆగిపోయాయి. చప్పుడు లేదు కనుక విసుగూ పోయిందనుకుని సంబరపడింది మనిషి.

ఒక సెలవురోజు భోజనాలయ్యాక తమ్ముడు లేవబోతుంటే ఆపింది. తను కుడిపక్క మొత్తం నేర్చుకున్నానని, ఎడమచెయ్యి చాలు వచ్చి కూర్చోమని, మొహం వెలిగిపోతుంటే చెప్పింది. తమ్ముడు ఆవిడ వైపు చూడలేదు. కంచంలో చెంచాను సరిగ్గా మధ్యకు జరిపి పెట్టాడు.

"బాగా ఆడుతున్నావక్కా. వినపడుతోంది" అన్నాడు.

అని లేచి వెళ్లి తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు. మర్నాటి నుంచి భోజనానికి కూడా రాలేదు. కంచం గదిలోకి పంపమన్నాడు. తల్లి ఏమైందే, ఏమన్నావే వాణ్ణి అని పళ్లక్కను నిలదీసింది. ఏమంది? ఏమీ అనలేదు. ప్రేమగా పిలిచింది. ప్రేమగా పిలిస్తే కూడా మనిషి ఇంకా లోపలికి వెళ్లిపోతే ఇక పిలవడానికి ఏం మిగిలింది? తనకు తెలిసిన దారి అదొక్కటే, అది కూడా మూసుకుపోయింది. ఆ వారం ఆవిడ చేసిన ఒక సెట్టులో కుడివైపు పెట్టాల్సిన కోరపళ్లు ఎడమవైపు, ఎడమవి కుడివైపు నిలబెట్టింది. పెద్దాయన ఎవరో అవి పెట్టుకుని అద్దంలో చూసుకుని, ఇవి నావి కావు, మా బావగారివి అన్నాడట. డబ్బా తిరిగొచ్చింది. ల్యాబంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. పళ్లక్క నవ్వబోయి, కళ్లు నిండిపోతే ప్లాస్టరు దుమ్ము పడిందని చెప్పి పంపు దగ్గరకు వెళ్లింది.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ, పనేమీ తోచక, మళ్లీ ఆ అభిప్రాయాల పేజీ తెరిచింది. కొట్లాట ఇంకా అక్కడే ఉంది, 'వెనక్కి' బటన్ దగ్గరే. 'తుప్పుచక్రం' అనే ఒకతను కొత్తగా రాశాడు. ఎవరినీ తిట్టకుండా రాశాడు. "పాత ఆట మా హాస్టలు గదిలో నలుగురం ఆడేవాళ్లం. ఒకడు పడితే ఆ చప్పుడుకు పక్కగదుల్లోంచి కూడా వచ్చేవాళ్లు. అలా కాదురా, ఇలా తే అని రిమోటు లాక్కునేవాళ్లు. మొన్న అదే స్నేహితులు మా ఇంటికొచ్చారు. రెండో భాగం పెట్టాను. నేను పడలేదు. 'వెనక్కి' నొక్కుతూ పడకుండా ఆడుతూనే ఉన్నాను. వాళ్లు కాసేపు చూసి, వీడికి మనతో పనిలేదులే అని వరండాలోకి వెళ్లిపోయారు. ఆట బాగుంది. రెండు స్టార్లు ఇస్తున్నాను."

పళ్లక్క దాన్ని చదివింది. మళ్లీ చదివింది. టీ చల్లారిపోయింది. బాగా ఆడుతున్నావక్కా, వినపడుతోంది అన్న మాట ఇప్పుడు ఆవిడకు నిజంగా వినపడింది. ఇన్ని నెలలుగా గోడ అవతల కూర్చుని తమ్ముడు విన్నది ఏమిటి? వాడి చోట వాడు లేకపోయినా ఆట సాగిపోవడం. మొదట్లో అక్క పడుతుండేది, అంటే కుడిచెయ్యి లేని లోటు ఆ ఇంట్లో ఇంకా ఉండేది. తర్వాత రోజుకు కొంచెం చొప్పున ఆ లోటు తీరిపోయింది. తీర్చింది తనే. వాడి చోట తనే ఎక్కి కూర్చుని, రా నాయనా అని పిలిచింది. 

సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కూడా సరిగ్గా కడుక్కోలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి 'వెనక్కి' బటన్ పనిచెయ్యకుండా తీసేసింది. సౌండు పెంచింది. సోఫాలో తన పాత ఎడమ కొసన కూర్చుని ఎడమసగం మాత్రమే పట్టుకుంది. నేర్చుకున్న కుడి బొటనవేలు ఆగనంటుంటే తొడ కింద పెట్టుకుని అదిమింది. బొమ్మమనిషి జారుకుంటూ వెళ్లి మెట్ల మీంచి ధబేలున పడ్డాడు. అబ్బా అన్నాడు. మళ్లీ లేపింది. మళ్లీ పడ్డాడు. వంటింట్లోంచి తల్లి, ఏం పోయేకాలమే, బాగానే ఆడేదానివిగా అంది. పళ్లక్క పట్టించుకోలేదు. ఆ సాయంత్రమంతా పడుతూనే ఉంది. గోడ అవతల ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు కూడా లేదు. ఆ మర్నాడూ లేదు. ఇక రాడేమో, ఆలస్యమైపోయిందేమో అని భయం పట్టుకుంది.

వాన పడుతున్న ఒక సాయంత్రం, బొమ్మమనిషి మెట్ల అంచుకు వచ్చిన క్షణాన గోడ మీద టక్కుమంది.

పళ్లక్క పడ్డవాణ్ణి లేపి, మళ్లీ అదే దారిలో తీసుకెళ్లింది. మెట్ల అంచు. టక్. ఈసారి కమ్మీ వైపు తిప్పింది. చక్రాల చప్పుడు మారి, కమ్మీ ఎదురుగా వచ్చింది. టక్. ఒక్క రెప్పపాటు అటూ ఇటూ కాలేదు. సరిగ్గా దూకవలసిన చోటే. విసుగు కాదది. ఏనాడూ విసుగు కాదు. దీనికా ఆవిడ సౌండు తగ్గించుకుంటూ పోయింది!

తలుపు తెరుచుకుంది. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు, కుడిచెయ్యి జేబులో ఉంది.

"గోడ మీద కొడుతుంటే వినపడటంలేదా నీకు?"

"చప్పుడుకు విసుక్కుంటున్నావనుకున్నానురా."

"ఎప్పుడు దూకాలో చెబుతున్నా. మొదటిరోజు నుంచీ." కాసేపు తెర వైపే చూశాడు. "తర్వాత నువ్వే దూకేస్తున్నావు. ఇంక నాకేం పనిలే అనుకున్నా."

పళ్లక్కకు చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"నాకు ఆట రావాలని కాదురా నేర్చుకుంది. నువ్వు రావాలని."

తమ్ముడు నడిచి వచ్చి సోఫా దగ్గర నిలబడ్డాడు. పళ్లక్క అలవాటు చొప్పున మళ్లీ తప్పే చేసింది. లేచి, ఎడమ కొస ఖాళీ చేసి, ఇటు కూర్చో, నీ ఎడమచెయ్యి బాగుందిగా అంది.

"అది నీది. నాది అటు" అన్నాడు తమ్ముడు.

కుడి కొసన కూర్చున్నాడు. జేబులోంచి చెయ్యి తీశాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ చేతిని అక్క అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. మిగిలిన రెండు వేళ్లూ, వాటి పక్కన నున్నగా మూసుకుపోయిన చర్మం. ఆ రెండు వేళ్లను బటన్ల మీదికి తేవడానికి మణికట్టును వింతగా వంచాల్సి వచ్చింది. పళ్లక్క చూపు తిప్పుకోలేదు. మోకాలు జరిపి అతని మోకాలికి ఆనించింది. రిమోటు మధ్యలో కూర్చుంది.

మొదటిసారి పడ్డారు. వేలు బటన్ దాకా చేరేసరికి మెట్లు దాటిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి పళ్లక్క వేగం కొంచెం తగ్గించింది, తగ్గించినట్టు తెలియకుండా తగ్గించింది. తమ్ముడికి తెలియకుండా ఉంటుందా.

"మెల్లగా పోకు" అన్నాడు. "నా కోసం మెల్లగా పోవద్దక్కా. ఎప్పట్లా పో."

"పడతాంరా."

"పడదాం."

ఆటలోని ఊళ్లో అన్నిటికంటే ఎత్తయిన మెట్లు చర్చి వెనక, కొండవాలు కింద ఉంటాయి. ఆ మెట్ల దగ్గర 'వెనక్కి' బటన్ లేకుండా ఎవరూ నిలబడలేరన్నది పేజీలో అందరూ ఒప్పుకున్న ఒకేఒక్క సంగతి. పళ్లక్క బొమ్మమనిషిని అటే తిప్పింది. ఉన్న వేగమంతా పెట్టింది. చక్రాల హోరు హాలంతా నిండింది. ఆవిడ భుజం ముందుకు వాలింది. పక్కన తమ్ముడు ఊపిరి బిగబట్టాడు, మణికట్టు వంచాడు, రెండు వేళ్లూ ఒక్కసారిగా అదిమాడు. బొమ్మమనిషి గాలిలోకి లేచాడు. ఆలస్యంగానే లేచాడు, వంకరగానే లేచాడు, కానీ లేచాడు. బోర్డు ఒకవైపు, తను ఒకవైపు, సగం మెట్లు దాటి మిగతా సగం మీద దొర్లి, కమ్మీకి గుద్దుకుని, కింద గోడకు కొట్టుకుని, చివరికి ఒక చెత్తడబ్బాలో తలకిందులుగా ఆగిపోయాడు. అంత ఘోరంగా వాళ్లు చిన్నప్పుడు కూడా పడలేదు.

తమ్ముడు ముందు నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరికీ ఊపిరాడలేదు. పళ్లక్కకు నవ్వుతుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తుంటే తమ్ముడి పళ్లు కనిపించాయి. ఎన్ని నెలలైందో ఆ వరుస చూసి.

ఆ గోలకు తల్లి వంటింట్లోంచి హడావుడిగా కేకేసింది.

"ఎవర్రా పడిందీ?"

"ఇద్దరం పడ్డామమ్మా" అన్నాడు తమ్ముడు.